వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లను సరిగా చూడటం లేదని అనుమానం వస్తే ఏం చేయాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు బెంగళూరులోనో కువైట్‌లోనో అమెరికాలోనో స్థిరపడి, ఇంట్లో చూసుకునే మనిషి లేక, మన వైపు చాలామంది పెద్దవాళ్లు వృద్ధాశ్రమాలకు చేరుతున్నారు. ఎక్కువ ఆశ్రమాలు ఉన్నంతలో బాగానే చూస్తాయి. కొన్ని చూడవు. అలాంటి చోట మన మనిషి గానీ, తెలిసినవాళ్లు గానీ, అసలు ఎవరో తెలియని ముసలాయన గానీ ఇబ్బంది పడుతున్నట్టు కనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే ఇక్కడి విషయం.

నా దగ్గర రుజువు లేదు, అనుమానం మాత్రమే. ఫిర్యాదు చేయొచ్చా?

చేయొచ్చు. రుజువులు వెతకడం అధికారుల పని. మీరు చూసింది, విన్నది, ఏ రోజు చూశారన్నది చెబితే చాలు. "రుజువు దొరికాక చూద్దాంలే" అని ఆగేవాళ్లే ఎక్కువ. ఆలోపు పడక పుండు ఎముక దాకా పోతుంది.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. చూసినదాన్ని చూసినట్టుగా, ఊహను ఊహగానే చెప్పండి. "చంపేస్తున్నారు" అని రాసిన అర్జీ కన్నా "మధ్యాహ్నం 12 గంటలకు వెళ్తే పొద్దుటి డైపరే ఉంది, దుప్పటి తడిసి ఉంది" అని రాసిన అర్జీకే అధికారి ముందు కదులుతాడు.

ఏది నిర్లక్ష్యం, ఏది మామూలు ముసలితనం? నాకు తేడా తెలియడం లేదు.

ఇది అందరికీ వచ్చే సందేహమే. ఎనభై ఏళ్ల మనిషి సన్నబడటం, తూలి పడటం, చర్మం కమిలిపోవడం బాగా చూసుకునే ఇంట్లోనూ జరుగుతాయి. అందుకే ఏదో ఒక్క గుర్తు చూసి తేల్చేయకండి. కొన్ని గుర్తులు కలిసి కనిపిస్తున్నాయా, అడిగితే ఆశ్రమం వాళ్లు ఏం చెబుతున్నారు అన్నవి చూడండి.

పడక పుండ్లు మొదట చూడాల్సినవి. మంచం దిగలేని మనిషికి నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద వస్తాయి. రెండు గంటలకోసారి పక్క మార్చాలని నర్సులు చెబుతారు. మొదట ఎర్రగా మాత్రమే ఉండి, నొక్కినా ఆ ఎరుపు పోదు. తర్వాత తోలు లేస్తుంది, ఆపైన గుంట పడుతుంది. ఎంత బాగా చూసినా కొందరికి పుండు రావచ్చు. కానీ వాసన వచ్చేదాకా ఎవరూ చూడలేదంటే, కట్టు మార్చిన లెక్క ఎక్కడా లేదంటే, దాన్ని వయసు మీదికి నెట్టేయలేం.

రెండోది నీళ్లు. ఎండాకాలం నెల్లూరులో ఫ్యాన్ కింద ఉన్నవాళ్లకే నాలుక ఎండిపోతుంది. లేచి నీళ్లు తాగలేని మనిషి పెదవులు పగిలి, మూత్రం ముదురు రంగులో వస్తూ, ఉన్నట్టుండి మాట తడబడుతుంటే నీళ్లు అందడం లేదేమో అడగండి. మంచం పక్కన గ్లాసు ఉండటం వేరు, అది చేతికి అందేంత దగ్గరలో ఉండటం వేరు. కొన్నిచోట్ల పక్క తడుపుతారని కావాలనే నీళ్లు తగ్గిస్తారు. అది నిర్లక్ష్యం కంటే పెద్ద తప్పు.

మణికట్టు మీద, చీలమండల దగ్గర గీతల్లా కమిలిన మచ్చలుంటే కట్టేస్తున్నారేమో చూడాలి. ఎప్పుడు వెళ్లినా మత్తులోనే ఉంటే ఏ మాత్ర ఇస్తున్నారు, ఏ డాక్టరు రాశారు అని చీటీ అడగండి. ఒళ్లంతా గజ్జి, నెలల తరబడి మార్చని యూరిన్ పైపు, షుగర్ మనిషి కాలికి మానని పుండు, పోయిన కళ్లద్దాలు, పోయిన పళ్ల సెట్టు ఇవన్నీ నోట్ చేసుకోవాల్సినవే. పళ్ల సెట్టు చిన్న విషయంలా ఉంటుంది గానీ, అది లేని మనిషికి గట్టి అన్నం పెడితే పెట్టనట్టే.

వెళ్లే వేళలు మార్చుకుంటూ ఉండండి. ఆదివారం పదకొండు గంటలకు అన్ని ఆశ్రమాలూ బాగానే కనిపిస్తాయి.

అడిగితే "బాగానే ఉన్నా నాయనా" అంటోంది మా అవ్వ. మరి నేనెలా నమ్మాలి?

వార్డెన్ పక్కనే నిలబడి ఉంటే ఎవరైనా అదే అంటారు. మీరు వెళ్లిపోయాక ఆమె అక్కడే ఉండాలి కదా. పైగా బిడ్డలకు టెన్షన్ పెట్టకూడదన్న తాపత్రయం ఒకటి. "నా వల్ల మీకెందుకు రచ్చ" అనే మాట మన పెద్దవాళ్ల నోట వినని ఇల్లుండదు.

కాసేపు బయట అరుగు మీదో చెట్టు కిందో కూర్చోబెట్టుకుని ఒంటరిగా మాట్లాడండి. "నిన్ను కొడుతున్నారా అవ్వా" అని సూటిగా అడిగితే నోరు మెదపరు. "రాత్రి బాత్రూమ్‌కి పోవాలంటే ఎవరిని పిలుస్తావు? పిలిస్తే ఎంతసేపటికి వస్తారు? నిన్న రాత్రి ఏం పెట్టారు?" అని రోజువారీ సంగతులు అడగండి. జవాబులు వాటంతట అవే వస్తాయి. ఒంటరిగా మాట్లాడనివ్వకపోతే, ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే పెట్టి ఇస్తుంటే, అది కూడా అర్జీలో రాయదగ్గ విషయమే.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు చెప్పేదాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. తారీఖులు తప్పు చెబుతారు గానీ, ఒక మనిషి దగ్గరికి రాగానే ముడుచుకుపోతుంటే దానికి కారణం ఉంటుంది.

పరిస్థితి ఇప్పుడే బాగా లేదు. అర్జీలు రాస్తూ కూర్చోవాలా?

వద్దు. స్పృహ సరిగా లేకపోయినా, ఊపిరి ఆడకపోయినా, పుండు కుళ్లి జ్వరం వస్తున్నా 108కి ఫోన్ చేయండి. కొడుతున్నా, గదిలో పెట్టి తాళం వేసినా, మిమ్మల్ని లోపలికి రానివ్వకపోయినా 112కి చేయండి. నెల్లూరులో పెద్దాసుపత్రికి, ఒంగోలులో రిమ్స్‌కి తీసుకెళ్తే క్యాజువాల్టీ డాక్టరుకు మీ అనుమానం చెప్పి, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా) రాయమని అడగండి. గాయం ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లది అన్నది డాక్టరు చేతి రాతలో ఉంటే తర్వాత ఎవరూ కాదనలేరు. ఆ ఒక్క కాగితానికున్న బలం మీ ఫోన్‌లోని వంద ఫోటోలకు ఉండదు.

మామూలుగా అయితే ముందు ఎవరికి చెప్పాలి?

చిన్న విషయమైతే ముందు ఆశ్రమం నడిపేవాళ్లకే చెప్పండి. నోటిమాటగా వద్దు, వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా చెప్పండి. మంచి ఆశ్రమం సర్దుకుంటుంది. కొట్టడం, కట్టేయడం, ఆకలితో మాడ్చడం, డబ్బు కాజేయడం లాంటివైతే వాళ్లకు చెప్పి జాగ్రత్తపడే సమయం ఇవ్వకండి.

14567 కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఎల్డర్ లైన్. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, కాల్‌కి డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు ఇదే మంచి దారి.

జిల్లాలో ఈ విషయం చూసేది విభిన్న ప్రతిభావంతులు, ట్రాన్స్‌జెండర్, వయోవృద్ధుల సంక్షేమ శాఖ. దానికి జిల్లాకొక సహాయ సంచాలకులు ఉంటారు, అందరూ ఏడీ గారు అంటారు. అర్జీ ఒక కాపీ ఆ ఆఫీసుకు, ఒక కాపీ మీ డివిజన్ ఆర్డీవోకు ఇవ్వండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్ నడిపేది ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్. అప్పీలు చూసేది కలెక్టర్.

సోమవారం గ్రీవెన్స్ సంగతి తెలిసిందే. నెల్లూరులో కలెక్టరేట్ తిక్కన ప్రాంగణంలో, ఒంగోలులో ప్రకాశం భవనంలో అర్జీలు తీసుకుంటారు. జనం ఇంకా స్పందన అనే అంటున్నారు గానీ ఇప్పుడు దాని పేరు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ అర్జీ నంబరు ఇస్తారు. ఆ నంబరు లేకుండా ఇంటికి రావద్దు.

మంచాన పడినవాళ్లు, చూపు లేనివాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్ల విషయంలో ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న మనిషిని హింసిస్తున్నారని నమ్మకం కలిగినవాళ్లు ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇవ్వొచ్చు. ఆయన వెంటనే దాన్ని ఆపించాలి, అవసరమైతే ఆ మనిషిని అక్కడి నుంచి తప్పించాలి. తాశీల్దార్, ఆర్డీవోలకు ఆ అధికారం ఉంటుంది. అర్జీలో ఈ సెక్షన్ పేరు రాస్తే ఫైలు బరువు మారుతుంది.

మాది కందుకూరు వైపు. ఏ జిల్లా కలెక్టర్‌కు ఇవ్వాలి?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది. గూడూరు తిరుపతి జిల్లాకు, చీరాల, అద్దంకి బాపట్లకు వెళ్లాయి. హద్దుల మార్పు అక్కడితో ఆగలేదు కాబట్టి, మండలం ప్రస్తుతం ఏ డివిజన్ కిందుందో సచివాలయంలో అడిగి ఇవ్వండి. మీ సొంతూరు లెక్కలోకి రాదు, ఆశ్రమం ఉన్న చోటే చూడాలి.

పోలీసులు "ఇది మా పరిధి కాదు, సివిల్ మేటర్" అంటున్నారు.

ఆ మాట విని వెనక్కి వచ్చేయకండి. సంరక్షణ బాధ్యత ఉన్నవాళ్లు వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే, 2007 చట్టం 24వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం అది. భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ నిర్లక్ష్యంతో ప్రాణానికి, ఒంటికి ముప్పు తెచ్చే పనుల గురించి చెబుతుంది. తీవ్ర గాయమైతే మూడేళ్ల దాకా శిక్ష. గదిలో బంధిస్తే 127, ప్రాణం పోతే 106. ఇవి కాక 357వ సెక్షన్ ఉంది. తనను తాను చూసుకోలేని మనిషి ఆలనా పాలనా చూస్తానని చట్టబద్ధంగా ఒప్పందం చేసుకుని, కావాలనే చూడకపోవడం నేరమని అందులో ఉంది.

ఆశ్రమం వేరే స్టేషన్ పరిధిలో ఉన్నా జీరో ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. స్టేషన్‌లో తీసుకోకపోతే విషయం రాసి ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఎస్పీ ఆఫీసులో సోమవారం కూడా ఇవ్వొచ్చు. ఇంకో మాట: 60 దాటిన మగవాళ్లను, ఏ వయసు ఆడవాళ్లనైనా, జబ్బు మనుషులను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. వాళ్లున్న చోటికే పోలీసులు రావాలి. "అవ్వని స్టేషన్‌కు తీసుకురండి" అంటే ఈ సంగతి మర్యాదగా గుర్తు చేయండి.

అర్జీలో ఏం రాయాలి?

ఒక పేజీ దాటించకండి. ఇలా ఉంటే సరిపోతుంది:

"అయ్యా, ఫలానా ఊరిలోని ఫలానా వృద్ధాశ్రమంలో ఫలానా ఆవిడ, వయసు 78, రెండేళ్లుగా ఉంటున్నారు. ఆమె నాకు మేనత్త. ఈ నెల 4న సాయంత్రం 5 గంటలకు చూడటానికి వెళ్లగా ఆమె నడుము కింద అరచేయంత పుండు ఉంది, కట్టు లేదు. ఆయాను అడిగితే డాక్టరు వచ్చి నెల దాటిందన్నారు. 9న మళ్లీ వెళ్తే లోపలికి రానివ్వలేదు. దయచేసి వెంటనే తనిఖీ చేయించి, ఆమెను ప్రభుత్వ డాక్టరుతో పరీక్ష చేయించవలసిందిగా, తీసుకున్న చర్య నాకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

కింద పేరు, ఫోన్ నంబరు, సంతకం. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తారీఖు వేయించుకోండి. "తగు చర్య తీసుకోగలరు" అని వదిలేస్తే ఏ చర్యో అవతలి వాళ్లే నిర్ణయించుకుంటారు. తనిఖీ కావాలా, డాక్టరు కావాలా, మనిషిని వేరే చోటికి మార్పించాలా అన్నది అడిగి తీరాలి.

ఫోటోలు, వీడియోలు తీయొచ్చా?

మీ మనిషివి, వాళ్ల ఇష్టంతో తీయండి. మిగతావాళ్ల ముఖాలు, ముఖ్యంగా బట్టలు సరిగా లేని స్థితిలో ఉన్నవాళ్లవి తీయొద్దు. తీసినవి ఆ ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే అవతలికి చేరే కాపీలో అసలు ఫైలులోని తేదీ వివరాలు ఉండవు, తర్వాత కోర్టులో ఇబ్బంది. ఊరి గ్రూపులో పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఆ పెద్దమనిషి పరువు పోతుంది, ఆశ్రమం జాగ్రత్తపడుతుంది, మీ మీద కేసుకు దారి దొరుకుతుంది. జరిగే మేలేమీ లేదు.

ఆశ్రమం వాళ్లు నా మీద పరువు నష్టం దావా వేస్తారా?

బెదిరిస్తారు. అయితే అధికారం ఉన్న అధికారికి సదుద్దేశంతో ఇచ్చిన ఫిర్యాదును పరువు నష్టం నేరం నుంచి చట్టమే మినహాయించింది. అబద్ధమని తెలిసీ ఇస్తే మాత్రం నేరమే. పేరు బయటకు రాకూడదనుకుంటే 14567కి చేసినప్పుడే ఆ మాట చెప్పండి. సంతకం లేని ఆకాశరామన్న ఉత్తరాలకు విలువ తక్కువ, అయినా అసలు చెప్పకపోవడం కన్నా అది నయం.

నేను అక్కడే పనిచేసే ఆయాను. చెబితే ఉద్యోగం పోతుంది.

భయం అర్థం చేసుకోదగ్గదే. లోపలి సంగతులు మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియవు. రాత్రి డ్యూటీలో ముప్పై మందికి ఒక్క మనిషినే పెడితే తప్పు మీది కాదు, నడిపేవాళ్లది. ఎప్పుడు ఎంతమందిని ఒక్కరే చూశారో, మందులు లేవని ఎవరికి చెప్పారో ఒక నోటుపుస్తకంలో తారీఖులతో రాసుకోండి. రేపు ఏదైనా జరిగితే నింద మీ మీదికే వస్తుంది, ఆ పుస్తకమే మిమ్మల్ని కాపాడుతుంది. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కి ఫోన్ చేయండి, లేదా నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు.

కొడుకే పట్టించుకోవడం లేదు. "మీకెందుకు, మా ఇంటి విషయం" అంటున్నాడు. నేను పక్కింటివాణ్ణి.

ఇదే అన్నిటికన్నా చిక్కు ముడి. చేర్పించిన మనిషికి తప్పు చేశానన్న బాధ లోపల ఉంటుంది. ఆశ్రమం బాగాలేదని ఒప్పుకుంటే ఇంటికి తీసుకురావాలి, ఇంటికి తెస్తే చూసేవాళ్లు లేరు. అందుకని కోపంగా మాట్లాడతాడు. ముందు మంచిగానే మాట్లాడి చూడండి. "నాయనా, నిన్ను తప్పుపట్టడానికి రాలేదు, ఇంకో మంచి చోటు చూద్దాం" అంటే సగంమంది దారికొస్తారు.

రాకపోతే, ఫిర్యాదు చేయడానికి రక్త సంబంధం అక్కర్లేదు. పోషణ కోసం ట్రిబ్యునల్‌కు ఆ పెద్దవాళ్లే దరఖాస్తు పెట్టొచ్చు. చేతకాని స్థితిలో ఉంటే వాళ్లు చెప్పిన మనిషి గానీ సంస్థ గానీ పెట్టొచ్చు, ట్రిబ్యునల్ తనంతట తానే తీసుకోవచ్చు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, తప్పదంటే ఇంకో 30 రోజులు. చూసుకుంటామన్న షరతు మీద పొలమో ఇల్లో రాయించుకుని తర్వాత చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించొచ్చు. ఆ షరతు దస్తావేజులోనే రాసి ఉంటే పని సులువవుతుంది.

పింఛను డబ్బు ఆశ్రమం వాళ్లే తీసుకుంటున్నారు.

ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు 4,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000. ఇష్టపడి ఖర్చులకు ఇస్తే అది వేరు. వేలిముద్ర వేయించి డబ్బు మేనేజరు జేబులో వేసుకుంటే అది నమ్మకద్రోహం. సచివాలయంలో చెప్పండి, ఇచ్చేటప్పుడు ఎవరి చేతికిచ్చారో వాళ్లకు తెలుస్తుంది. ఏటీఎం కార్డు, ఆధార్ కూడా ఎవరి దగ్గరున్నాయో చూడండి.

వృద్ధాశ్రమం కాదు, పడకలున్న నర్సింగ్ హోమ్. అక్కడైతే?

డాక్టర్లతో వైద్యం చేసే ప్రైవేటు ఆసుపత్రులకు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫిర్యాదు జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి.

నెలనెలా డబ్బు కట్టాం. తిరిగి వస్తుందా?

డబ్బు తీసుకుని సేవ సరిగా చేయకపోతే నెల్లూరు, ఒంగోలు వినియోగదారుల కమిషన్లకు వెళ్లొచ్చు. 2019 చట్టం వచ్చాక మీరుండే ఊరిలోని కమిషన్‌లోనూ వేయొచ్చు, హైదరాబాదులో ఉన్న పిల్లలకు ఇది వీలు. గడువు రెండేళ్లు. రసీదులు, గూగుల్ పే లెక్కలు, చేర్చుకున్నప్పుడు సంతకం చేసిన కాగితం దాచుకోండి. 1915కి ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. ఉచితంగా నడిపే ఆశ్రమాలకు ఈ దారి వర్తించదు.

అర్జీ ఇచ్చి నెలయింది, చలనం లేదు.

సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు వేయండి: నా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు, తనిఖీ ఏ తేదీన ఎవరు చేశారు, ఆ నివేదిక కాపీ ఇవ్వండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు జవాబు కన్నా ముందు తనిఖీ జరుగుతుంది! అర్జీ "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చి నిజానికి ఏమీ జరగకపోతే మళ్లీ తెరిపించండి, సోమవారం నేరుగా కలెక్టర్ ముందు చెప్పండి.

ఈలోపు చూడటానికి వెళ్లడం మాత్రం మానకండి. ఫిర్యాదు చేశాక కోపం పెద్దవాళ్ల మీద చూపిస్తారన్న భయానికి, తరచూ ఎవరో ఒకరు వచ్చిపోతుండటమే పనికొచ్చే మందు.

ఆశ్రమంలో చనిపోయారు. మాకు అనుమానంగా ఉంది, కానీ దహనానికి తొందర పెడుతున్నారు.

దహనం అయిపోతే పోస్టుమార్టం అవకాశం పోతుంది. బంధువుల ఒత్తిడి ఎంతున్నా ముందు స్టేషన్‌కు చెప్పండి. అనుమానాస్పద మరణం అని రాసి ఇస్తే పోలీసులు శవ పంచనామా చేయించి, పోస్టుమార్టానికి పంపుతారు. రిపోర్టు కాపీ, ఆశ్రమం మందుల రిజిస్టరు అడగండి.

మేం పుట్టినరోజుకు అన్నదానం చేయడానికి వెళ్తుంటాం. మాకు ఏం తెలుస్తుంది?

చాలానే తెలుస్తుంది. మీకు భోజనాల హాలు చూపిస్తారు, లేచి రాగలిగినవాళ్లను వరసగా కూర్చోబెడతారు, ఫోటో తీస్తారు. భోజనానికి రానివాళ్లు ఎంతమంది, ఎక్కడున్నారని అడగండి. వాళ్లకు పళ్లెం మీరే తీసుకెళ్లి ఇస్తామనండి. ఆ గది వాసన, దుప్పట్లు, కిటికీ తెరిచి ఉందా లేదా చూడండి. రాత్రి ఎంతమంది పనివాళ్లుంటారు, డాక్టరు ఎప్పుడొస్తారు, ట్రస్టు రిజిస్ట్రేషన్ ఎక్కడుంది అని కూడా అడగండి. డబ్బిచ్చే మనిషి అడిగితే విసుక్కోరు. మంచి ఆశ్రమమైతే ఆ గదికి వాళ్లే తీసుకెళ్తారు. "అటు వద్దు సార్, ఇన్‌ఫెక్షన్" అని ప్రతిసారీ ఆపేస్తుంటే 14567కి చెప్పండి, విరాళం వేరే చోట ఇవ్వండి.